ఐరిష్ పబ్బులో మేస్త్రీ తాళాలు

దుబాయి నుంచి వచ్చి ఊళ్లో కూర్చున్న నాలాంటివాడు కనబడితే కుర్రవాళ్లకు ఊరుకోబుద్ధి కాదు. నేను చేసింది దుబాయిలో కాదురా, బహ్రెయిన్‌లో అని మొదట్లో సరిదిద్దేవాణ్ణి. మా కోరుట్ల వైపు సముద్రం దాటితే అంతా దుబాయే. ఇప్పుడు సరిదిద్దడం మానేశాను. వాళ్ల ప్రశ్న మాత్రం మారదు. "బార్ల పనిచేసినవట గద కాకా, ఎంత తాగినవ్?" చాయ్ తాగానంటే నమ్మరు. హోటల్ కోర్సులు చదివి అటు ఎగరడానికి సిద్ధంగా ఉన్న మీరైనా నమ్ముతారేమోనని ఆ చాయ్ కథే రాస్తున్నాను.

నేను పోయింది సెంట్రింగు పనికి. మామీర్ దగ్గర క్యాంపులో ఉండి కొన్నేళ్లు చెక్కలు మోశాను. నడుము మొరాయించాక, తెలిసినవాళ్ల పుణ్యాన మనామాలో ఒక హోటల్లో గ్లాసులు కడిగే పని దొరికింది. ఆ హోటల్ కింది అంతస్తులో ఐరిష్ పబ్బు ఉండేది. గ్లాసులు కడిగేవాణ్ణి కాస్తా కొన్నాళ్లకు గ్లాసులు నింపేవాణ్ణయ్యాను.

మాది కల్లు గీసిన ఇల్లు. మా ఊరి కల్లు కాంపౌండులో నురగ ఎక్కువ పోస్తే కొట్లాట. అక్కడి నల్ల బీరుకు నురగ తక్కువైతే కొట్లాట. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. మొదటిరోజు పెద్ద మర్యాద చేస్తున్నాననుకుని, చెంచాతో నురగంతా తీసి పారేసి, గ్లాసు అంచుదాకా నింపి ఇచ్చాను. పుచ్చుకున్న దొర గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు, చావుకబురు విన్నట్టు బల్లమీద పెట్టేశాడు. నురగ తీయకుండా పోయడం నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పుట్టుకతో వచ్చిన చెయ్యి మరి.

పబ్బులో ఐర్లాండు సామాను చాలా ఉండేది. పైకప్పుకు తుప్పుపట్టిన సైకిలు, గోడలకు సొట్టలు పడ్డ పాలక్యాన్లు, ఎవరివో పాత చెప్పులపెట్టెలు. మా అమ్మ పాతసామాన్లవాడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకున్న సరుకంతా వాళ్లు ఓడలో తెప్పించి దీపాలు పెట్టారు. మేనేజరు మలయాళీ, వంటవాడు నేపాలీ, రాత్రిళ్లు పాడేది ఫిలిప్పీన్స్ బ్యాండు. సౌదీ వైపు నుంచి వంతెన దాటి రెండ్రోజుల సెలవు గడపడానికి వచ్చే దొరలు, అచ్చమైన ఐర్లాండులో ఉన్నట్టుందని మెచ్చుకునేవారు. అచ్చమైన ఐర్లాండు మనిషి అక్కడ ఒక్కడే ఉండేవాడు. శుక్రవారం మధ్యాహ్నాలు వచ్చే ఫిడేలు పెద్దాయన.

ఆయన ఉండేది అవాలిలో. కుర్రవాళ్లకు యంత్రాల పని నేర్పే ఉద్యోగం. భార్య పోయి చాలాకాలమైంది, ఒక్క కూతురు ఐర్లాండులో ఉండేది. వాళ్ల పాతకాలపు సంగీతానికి స్టేజీ ఉండదు, మైకు ఉండదు. ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు ఎత్తుకుంటారు, వచ్చినవాళ్లు కలుస్తారు, రానివాళ్లు తాగుతూ వింటారు. నేను చేరిన కొత్తలో ఆ బల్ల కిటకిటలాడేది. ఫ్లూటు ఆయన, బాంజో ఆయన, అకార్డియన్ వాయించే నర్సమ్మ, ఇంకా ఎవరెవరో. గల్ఫ్ సంగతి తెలిసిందే కదా, ఎవరి కాంట్రాక్టు అయిపోతే వాళ్లు ఖలాస్. ఒక్కొక్కరే పోయారు. అందరికంటే చివర ఫ్లూటు ఆయన పోయాడు. పోయినవాళ్లకు ఫోను చేసే అలవాటు పెద్దాయనకు లేదు. వాళ్ల కుర్చీలు మాత్రం ఇంకొకరిని తీసుకోనిచ్చేవాడు కాదు. ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని ఒక్కడే వాయించుకుని, ఒక గ్లాసు తాగి వెళ్లిపోయేవాడు.

వాయించే ముందు కౌంటరు దగ్గర నిలబడి కూతురికి ఫోను చేసేవాడు. అందరూ వచ్చారమ్మా, మొదలుపెట్టబోతున్నాం అని చెప్పేవాడు. వాళ్ల భాష నాకు అప్పటికి బాగానే పట్టుబడింది. బాంజో ఆయనకు జలుబు చేసిందట, నర్సమ్మ కొత్తపాట నేర్చుకుందట, ఫ్లూటు ఆయనకు పాపం మోకాలు నొప్పట, కుర్చీలోంచి లేవలేకపోతున్నాడట. ఆ మోకాలి నొప్పి నెలలు గడిచేకొద్దీ ముదిరింది. మనిషి లేకపోయినా నొప్పి పెరగడం నేను అక్కడే చూశాను.

నేను నవ్వుకున్నానంటే తప్పు. మా క్యాంపులో ఎవడు ఇంటికి నిజం చెప్పాడు గనక? ఎండలో కడ్డీలు వంచేవాడు ఏసీలో కూర్చున్నానంటాడు. ఫిడేలు పెద్దాయన దొరైతేనేం, ఆడింది మా బడిలోని అబద్ధమే.

ఒక శుక్రవారం ఆయన ఫిడేలు పెట్టె తెరవలేదు. గ్లాసు ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. కూతురు వస్తోందన్నాడు. వచ్చే శుక్రవారం దిగుతుందట. నాన్నతో పబ్బుకు వచ్చి, ఇన్నేళ్లుగా విన్న మిత్రబృందాన్ని చూసి, సరదాగా తాగి తిరిగి ఆదివారం పొద్దున్న పోతుందట.

"నువ్వు ఒంటరిగా ఉన్నావని తెలిసిన రోజు వచ్చి నిన్ను మూటగట్టి తీసుకుపోతాను అని ఎప్పుడో చెప్పింది" అన్నాడు. "చేసే రకమే. ఇక్కడైతే నా కోసం పొద్దున్నే కుర్రాళ్లు ఎదురుచూస్తారు. అక్కడ కిటికీ దగ్గర కూర్చుని వాన చూడాలి."

మేనేజరు విని, ఫిలిప్పీన్స్ బ్యాండును కూర్చోబెడదామన్నాడు. వాళ్లు మధ్యాహ్నాలు నిద్రపోతారు. పైగా వాళ్లకు కరెంటు వాయిద్యాలు తప్ప చేతికి ఇంకేం రావు. ఒంటరివాడికి మంది కావాలంటే నాకు తెలిసిన చోటు ఒక్కటే, మామీర్ క్యాంపు. అక్కడ ప్రతి శుక్రవారం మా వాళ్ల భజన జరిగేది. గుండ్రంగా కూర్చుంటారు, ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. రెండూ ఒకటే కదా అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

భజనకు పెద్ద మెట్‌పల్లి వైపు మేస్త్రీ. తాపీ పట్టి ముసలివాడైనవాడు, మెడలో తులసిపూస, నుదుట నామం. తాళాలు ఆయన చేతిలో పడితే గోడలు కూడా ఊగుతాయని చెప్పుకునేవారు. నేను సంగతంతా చెప్పాను. విని ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"దేవుని ముంగట పెట్టే తాళాలు బారుకు తెమ్మంటున్నవా తమ్మీ? నీకేమన్న బుద్ధి ఉన్నదా?"

బుద్ధి లేదని ఒప్పుకున్నాను. డోలక్ వాయించే నిజామాబాద్ భాయ్ పక్కనే ఉన్నాడు. కంపెనీ వ్యాను నడిపేవాడు. నమాజు వేళ తప్పనివ్వడు, భజనకు డోలక్ కూడా తప్పనివ్వడు. శుక్రవారం నమాజు చేసి బారులోకి నడవాలంటే ఆయనకూ మొహమాటంగానే ఉంది. చివరికి మేస్త్రీయే అడిగాడు, ఆ బిడ్డకు తల్లి ఉందా అని. లేదన్నాను. ఆయన తాళాల తాడు సవరించుకుంటూ కూర్చున్నాడు.

"మేం కూసున్న మేజా మీద మందు గ్లాసు కనబడద్దు. చాయ్ పెట్టు. పక్క మేజాల వాళ్లు ఏం తాగుతరో అది వాళ్ల కర్మ."

భాయ్ కూడా అదే షరతు మీద ఒప్పుకున్నాడు. అలా లోకం మొత్తంలో చాయ్ తాగే ఏకైక ఐరిష్ మేళం మా పబ్బులో పుట్టింది. మేనేజరు ఈ షరతు విని తల పట్టుకున్నాడు. అయినా శుక్రవారం మధ్యాహ్నాలు పబ్బు ఎలాగూ ఈగలు తోలుకుంటుంది కాబట్టి సరేనన్నాడు. తన వంతుగా ఒక షరతు పెట్టాడు. అందరూ బూట్లు వేసుకోవాలి, మా బేరర్లు తొడుక్కునే ఆకుపచ్చ కోట్లు తొడుక్కోవాలి.

వారం మధ్యలో డ్యూటీ అయ్యాక పెద్దాయన ఫిడేలు పట్టుకుని క్యాంపుకు వచ్చాడు. బూట్లు విప్పి చాప మీద కూర్చున్నాడు. మోకాళ్లు ఎటు మడవాలో తెలియక కాసేపు అవస్థపడ్డాడు. వాయించడం మొదలుపెట్టాక అవస్థ మా వాళ్లది. భాయ్‌కి మాత్రం వెంటనే పట్టు దొరికింది. ఇది మన దాద్రా దరువే, ఆరు దెబ్బలది, పెళ్లిలో వాయిస్తాం అంటూ డోలక్ దగ్గరికి లాక్కున్నాడు. మేస్త్రీకి దొరకలేదు. తాళాలు ఒళ్లో పెట్టుకుని, పాటలో మాటలేవి అని అడిగాడు. మాటలు ఉండవని పెద్దాయన అన్నాడు. మాటల్లేని పాటకు తాళం ఎక్కడ వేయాలి? మేస్త్రీ తన జీవితంలో దేవుడి పేరు లేని చోట తాళం వేసి ఎరగడు.

మళ్లీ వాయించమన్నాడు, కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి పెదవులు కదిలాయి. రామా రారా, రాఘవ రారా అని ఆ సుడి తిరిగే రాగంలోకి తన రాముణ్ణి మెల్లగా ఎక్కించాడు. ఎక్కాక తాళం తప్పలేదు. కోరస్ వాళ్లు కూడా అదే పట్టుకున్నారు. పెద్దాయన వాయిస్తూనే తల ఊపాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూశాను. నా కళ్లలోవి ఆయన చూడలేదనుకుంటాను.

శుక్రవారం రానే వచ్చింది. భాయ్ నమాజు చేసుకుని, వ్యానులో మా వాళ్లందరినీ ఎక్కించుకుని వచ్చాడు. ఆకుపచ్చ కోట్లు తొడుక్కుని, నామాలు పెట్టుకుని, ఫ్లూటు ఆయనా బాంజో ఆయనా నర్సమ్మా కూర్చున్న కుర్చీల్లో మా తాపీ మేస్త్రీలు, కడ్డీల పనివాళ్లు కూర్చున్నారు. బల్ల మీద చాయ్ గ్లాసులు. ఫ్లూటు, బాంజో ఏవని కూతురు అడిగితే మరమ్మతుకు పోయాయని, నర్సమ్మ డ్యూటీలో ఉందని చెప్పాలనుకున్నాం. పెద్దాయన ఎవరికీ అడ్డు చెప్పలేదు. సౌదీ నుంచి సెలవుకు వచ్చిన దొరల గుంపు ఒకటి పక్క బల్లల దగ్గర సర్దుకుంది. కూతురు తలుపు తోసుకుని వచ్చింది. ఎర్రజుట్టు, పెద్ద నవ్వు, సూటిగా చూసే కళ్లు. ఆమెకు నల్ల బీరు నేనే పోశాను. నురగ ముట్టుకోలేదు.

పెద్దాయన ఎత్తుకున్నాడు. భాయ్ కలిశాడు. మేస్త్రీ తాళాలు పలికాయి. మొదటి రెండు చుట్లు ఎంత బాగా నడిచిందో చెప్పలేను. పక్క బల్లల వాళ్లు గ్లాసులతో దరువు వేశారు. నేను ఒక విషయం మరిచిపోయాను. భజన అన్నాక చివరికి వచ్చేసరికి వేగం పెరుగుతుంది. పెంచకపోతే అది భజన కాదు. మూడో చుట్టులో మేస్త్రీ తల ఊపి జోరు పెంచాడు. భాయ్ అందుకున్నాడు. పెద్దాయన ముఖం ఎర్రబడింది. ఇంకో చుట్టుకు ఆయన ముక్కు మీదనుంచి చెమట కారుతోంది, ఫిడేలు కమాను కనబడటం లేదు. ఆపుదామని ఆయన కళ్లతో చెబుతున్నాడు, మేస్త్రీ కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎడ్లు బెదిరిన బండిలా పాట పరుగెత్తింది. చివరికి ఎలాగో అందరూ ఒకచోట ఆగారు.

ఆగగానే మేస్త్రీ నోట, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి భజన ముగియగానే వచ్చే మాట వచ్చేసింది. గోవిందా అన్నాడు. మా వాళ్లంతా చేతులెత్తి గోవిందా అని అరిచారు. మేనేజరు కౌంటరు వెనక వంగి కనబడకుండా పోయాడు.

అదేమిటని కూతురు తండ్రిని అడిగింది. పెద్దాయన ముఖం తుడుచుకుంటూ తొణక్కుండా జవాబిచ్చాడు. మనం గ్లాసు ఎత్తి మంచి జరగాలని అంటామే, ఇక్కడ అదే ఇలా అంటారు అని. పక్క బల్లల దొరలు వినడమే ఆలస్యం, గ్లాసులెత్తి గోవిందా అన్నారు. నాకు మేస్త్రీ వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. ఆయన కాసేపు ఆలోచించి, ఏ నోటెంట వచ్చినా పుణ్యమేలే అని గొణిగి, చాయ్ అందుకున్నాడు.

అప్పుడు కూతురు ఆ ప్రశ్న వేసింది. మోకాలి నొప్పి ఆయన ఎవరు నాన్నా, ఎన్నాళ్లనుంచో చెబుతున్నావు అంది. పెద్దాయన వంగి ఫిడేలు పెట్టెలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. నేను చేతిలో ట్రే పట్టుకుని నిలబడిపోయాను. దానికి మేం తయారు కాలేదు. అదే సమయానికి, ఈ ఇంగ్లీషు గొడవ ఏదీ పట్టని మేస్త్రీ బాత్రూముకు పోదామని కుర్చీలోంచి లేచాడు. లేస్తూ లేస్తూ రెండు చేతులతో మోకాలు పట్టుకున్నాడు.

"అవ్వో, సచ్చిపోయిన. మోకాలు లేస్తలేదు."

జీవితమంతా గొంతుక్కూర్చుని టైల్సు వేసిన మోకాలది, నటన రాదు. కూతురు ఒక్క ఉదుటున వెళ్లి ఆయన భుజం పట్టుకుంది. అమ్మయ్య అనుకున్నాను. తరువాత మూడు నాలుగు పాటలు వాయించారు. ప్రతి పాటా పరుగెత్తింది, ప్రతి పాట చివరా గోవిందా. సాయంత్రానికి ఆమె మా వాళ్లకు వాళ్ల ఊరి గెంతుల డ్యాన్సు నేర్పింది. మా వాళ్లు ఆమెకు రామా రారా అంటూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే భజన అడుగులు నేర్పారు. మేనేజరు కౌంటరు కిందినుంచి బయటికి వచ్చాడు.

మరునాడు మధ్యాహ్నం కూతురు ఒక్కతే పబ్బుకు వచ్చింది. చిన్న గ్లాసు పోయమని, కౌంటరు దగ్గరే కూర్చుంది. కాసేపు సైకిలు వంక చూసింది. తరువాత నెమ్మదిగా, ఫ్లూటు ఆయన మా వీధి పక్క వీధిలో ఉంటాడు అని చెప్పింది. రిటైరయ్యాక వాళ్ల ఊరికి మారాడట. ఒకరోజు పబ్బులో కనబడి మాట కలిపాడట. మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయట, కొండలెక్కుతాడట.

నా చేతిలోని గుడ్డ అలాగే ఉండిపోయింది. అంటే ఆమెకు ముందే తెలుసు. మేం ఆడిన నాటకమంతా ఆకుపచ్చ కోట్లతో సహా చూస్తూ కూర్చుంది. తప్పయిందని చెప్పబోయాను. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు కొనుక్కుని వచ్చాను, నాన్నను తీసుకుపోదామని. పొద్దున్న ఒకటి వద్దని చెప్పేశాను. ఒక మనిషి కోసం ఇంతమంది కలిసి అబద్ధమాడుతున్నారంటే, ఆయన ఒంటరివాడు కాదు కదా."

ఆమె నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. నేను ఇంకో గ్లాసు పోశాను. ఆ కంగారులో నురగ కాస్త తీసేశాను కూడా. ఆమె అలాగే అందుకుంది. నాన్నకు చెప్పవద్దంది. మాకు శిక్ష మాత్రం వేసింది. ప్రతి శుక్రవారం వాయించాలి, నేను ఫోనులో వీడియో తీసి పంపాలి.

శిక్ష అనుభవించక తప్పుతుందా? అబద్ధానికని కూర్చున్నవాళ్లు నిజంగానే ప్రతి శుక్రవారం కూర్చోవలసి వచ్చింది. కొన్నాళ్లకు మేనేజరు తలుపు బయట బోర్డు పెట్టాడు, ఇచ్చట శుక్రవారాలు సంప్రదాయ ఐరిష్ సంగీతం అని. రెండ్రోజుల సెలవుకు వచ్చే దొరలు మెట్‌పల్లి మేస్త్రీ తాళాలకూ నిజామాబాద్ భాయ్ డోలక్‌కూ తాగి గెంతి, తమ ఊరు గుర్తొచ్చిందని కళ్లొత్తుకునేవారు. ఆ వీడియోలు ఎలాగో మేస్త్రీ భార్యకూ చేరాయి. వెనక బల్లమీద అన్ని సీసాలేమిటని ఆమె అడిగిందట. మందుల షాపులో భజన పెట్టారని మేస్త్రీ చెప్పాడట. తులసిపూస వేసుకున్నా ఆయనా గల్ఫ్ మనిషే.

పెద్దాయన ఇంకా కొన్నేళ్లు ఉన్నాడు. కుర్రవాళ్లకు నేర్పే ఓపిక తగ్గాక, తనంతట తనే కూతురి దగ్గరికి పోతానన్నాడు. ముహర్రక్ విమానాశ్రయానికి భాయ్ వ్యానులోనే తీసుకుపోయాం. మేస్త్రీ ఆయన చేతిలో ఒక జత తాళాలు పెట్టాడు, కొత్తవి, దేవుడి ముందు పెట్టనివి. తాగే చోట కూడా వాయించుకోవచ్చని నన్ను ప్రత్యేకంగా చెప్పమన్నాడు. తరువాత మేస్త్రీ, నేను, ఒకరి వెనక ఒకరం ఇంటిదారి పట్టాం. భాయ్ ఇంకా అక్కడే ఉన్నాడు.

ఇప్పుడు శిక్ష తిరగబడింది. శుక్రవారం సాయంత్రం నేను బస్సెక్కి మేస్త్రీ ఊరికి పోతాను. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఫోను కోసం ఎదురుచూస్తాం. కూతురి వంటగదిలోనుంచి వీడియో వస్తుంది. కిటికీలో వాన ఉంటుంది, పెద్దాయన దాన్ని చూడడు, ఫిడేలు మీదికి వంగి ఉంటాడు. మొదటి వీడియోలో ఆయన పక్కన ఫ్లూటు పట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు, మోకాలు మీద మోకాలు వేసుకుని, దర్జాగా. కూతురికి అంతా ముందే తెలుసని పెద్దాయనకు తెలిసిపోయిందనుకున్నాను. తండ్రి కూతుర్ని ఏమీ అడిగినట్టు లేడు, కూతురు ఏమీ చెప్పినట్టు లేదు. వాళ్లు హాయిగా వాయించుకుంటున్నారు. ఆమె చేతుల్లో మేస్త్రీ ఇచ్చిన తాళాలు ఉన్నాయి. పాట చివరికి వచ్చేసరికి ముగ్గురూ పరుగెత్తారు, ఆగగానే చేతులెత్తి మా మాటే అరిచారు.

మేస్త్రీ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆసాంతం వింటాడు. ప్రతి శుక్రవారం నాతో ఒకే మాట అంటాడు.

"బిడ్డకు తాళం తప్పుతున్నది తమ్మీ. రాముణ్ణి మరిచినట్టున్నది, జర యాద్ చెయ్యి."

నేను అలాగే రాసి పంపుతాను. తరువాత ఇద్దరం చాయ్ తాగుతాం.